అమ్మకు సీరియస్ అని కొట్టిన టెలిగ్రాం

అన్నయ్యా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఇవాళ అమ్మను పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కిడ్నీలు రెండూ పాడయ్యాయట. మన ఉద్దానంలో చాలామందికి వచ్చిన జబ్బే.

ఆ ఏడాది జీడితోట గట్టు దగ్గర పక్కవాళ్ళతో తగువొచ్చింది. నువ్వు మిలిటరీ బట్టల్లో ఒక్క పూట గట్టు మీద నిలబడితే వాళ్ళు తగ్గుతారనుకున్నాను. నీకు సెలవు దొరకాలని, అమ్మకు సీరియస్, వెంటనే రమ్మని టెలిగ్రాం కొట్టాను. ఆ వేళ అమ్మ తోటలో జీడిపిక్కలు ఏరుతోంది. నువ్వు దొరికిన మిలిటరీ విమానం ఎక్కేశావు. అది దిగబోతూ రన్‌వేకి ఇవతలే కూలిపోయింది.

నీ శవపెట్టెతో వచ్చిన తెలుగు జవాను, "మీకు సీరియస్ అని టెలిగ్రాం వస్తే బయలుదేరాడమ్మా. ఇప్పుడెలా ఉంది?" అని అమ్మను అడిగాడు. అమ్మ నా వైపు చూసింది.

"ఇప్పుడు పర్నేదు బాబూ," అంది.

ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాటా అడగలేదు. నేనూ చెప్పలేదు. గట్టు మాత్రం మనకే వచ్చింది. కొడుకు పోయిన ఇంటితో తగువెందుకని వాళ్ళే వదిలేశారు.

ఇవాళ డాక్టరు, "ఈ జబ్బు ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాడు. రెండు నెలల నుంచి అని నేను చెప్పబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"శానా ఏళ్ళయిపోనాది బాబూ. నాకు బాగోలేదనే కదా మా పెద్దోడు ఇమానం ఎక్కీసినాడు."

డాక్టరు అది నిజమనుకుని చీటీ మీద రాసుకున్నాడు. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

నీ తమ్ముడు