మన బోగీ కాని బోగీ

నాన్నా,

నువ్వు పోయాక అమ్మ రైలెక్కడం ఇదే మొదలు. రేపు పొద్దున్నే విశాఖలో తనకి కంటి ఆపరేషన్. రైలు బాలాసోర్ దాటింది. కుదురుగా కూర్చోలేక రాస్తున్నాను.

నువ్వు చెప్పే పద్ధతిలోనే గంట ముందు ఖరగ్‌పూర్ స్టేషన్‌కి వచ్చి, మన బోగీ ఆగే చోట నిలబడ్డాం. తీరా చూస్తే బోగీల వరుస తిరగబడి వచ్చింది. మనది ప్లాట్‌ఫారం ఆ చివర ఆగింది. అంత దూరం అమ్మ నడవలేదు. ఎదురుగా ఉన్న తలుపు ఎక్కమంటే కదల్లేదు.

“మీ నాన్న ఒక్కసారైనా పరాయి బోగీ ఎక్కినారేటి? రైల్వేవోళ్ళమే అలాగెక్కితే మిగతావోళ్ళకేటి సెప్తాం?”

“ఇది తప్పితే డాక్టరు మళ్ళీ నెల తర్వాతే అన్నారమ్మా.”

సిగ్నల్ పడింది. వెనక ఒక బెంగాలీ ఆయన “ఉఠున్ మాషిమా” అని అమ్మని ఎక్కమంటూ సంచి అందుకున్నాడు. నేను అమ్మని ఎత్తి లోపల పెట్టాను. బోగీల మధ్యగా నడిచి మా సీట్లకు చేరాం.

ఇకమీదట ఎవరడిగినా దగ్గరున్న తలుపే ఎక్కమంటాను నాన్నా. నీకు నచ్చదు.

అమ్మ బిగుసుకుని కూర్చుంది. ఇందాక టీటీ వస్తే, ఆయన అడగకుండానే, మన బోగీ కాని బోగీ ఎక్కామని హిందీలో ఒప్పేసుకుంది. ఆయన “ఠీక్ హై మాతాజీ” అని వెళ్ళిపోయాడు. అప్పుడు గానీ అమ్మ కాళ్ళు చాపుకుని పడుకోలేదు.