మూడో సిలిండర్ సప్పుడు

ఆగస్టు 11, సోమవారం. పొద్దున 7

కారుల ఏదో సప్పుడు వస్తున్నది.

అమ్మ, నేను నిన్ననే ఊరి నుంచి వచ్చినం. ప్రేమక్క కొడుకుది ఇరవై ఒకటో రోజు చేసుకొని. నాయినకు సెలవు దొరకలే. అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్‌కు సెలవెక్కడిది! మేము లేనప్పుడు శుక్రవారం ఇక్కడ వాన దంచికొట్టిందంట. నాలా పొంగి అశోక్‌నగర్ల సెల్లార్లన్నిట్లకు నీళ్లొచ్చినయంట. మన కాడ సగం టైరు దాక వచ్చి పోయినయ్, కారుకు ఏం కాలేదని నాయిన చెప్పిండు. నిజమే, కారు తళతళ మెరుస్తున్నది. డ్రైవర్ను నేనే అంత మంచిగ తుడవ. మ్యాట్లు కూడ టెర్రస్ మీద ఎండేసిండు. నా పని నువ్వే చేసినవ్ కదా అంటే బకెట్ తీస్కొని బయటికి పోయిండు.

స్టార్ట్ చేస్తే జర తెల్ల పొగ వచ్చింది. చెమ్మ అనుకున్న. ఐదు నిమిషాలకు ఇంజిన్ వేడెక్కినంక సన్నగ మొదలైంది. టక్ టక్ టక్. స్టీల్ గ్లాసు మీద చెంచాతోని కొట్టినట్టు. రేస్ చేస్తే సప్పుడు కూడ ఉరుకుతున్నది.

కారు ఓనర్ ఉమాకాంత్ సార్ బెంగళూరు నుంచి ఎల్లుండి వస్తడు. ఆలోపల అదే పోతదిలే.

ఆగస్టు 12, మంగళవారం

పోలే.

ఆగస్టు 13, బుధవారం

సార్ వచ్చిండు. విన్నడు కూడ.

ఈ కారంటే సార్‌కు పానం. యాభై నిండినప్పుడు తనకు తాను కొనుక్కున్నడు. పసుపు రంగు, టర్బో, ఆరు సెకండ్లల్ల వంద కొడతది. ఆదివారం పొద్దుగాల సార్ ఒక్కడే ఊరి బయటి రింగు రోడ్డు, ORR మీదికి తీస్కపోతడు. మిగిలిన రోజులు నేను కాచిగూడల షాపు కాడ దింపుడు, పొద్దుమీకి తెచ్చుడు. నన్ను అరవై దాటనియ్యడు. నేను దాటలే కూడ. దేవుని తోడు.

చిక్కడపల్లి చౌరస్తాల సిగ్నల్ పడ్డది. సార్ అద్దం దించిండు. AC బంద్ చెయ్యమన్నడు. ఇదేం సప్పుడు భాను అని అడిగిండు. నిన్న, మొన్నటి నుంచే వస్తుంది సార్ అన్న. నాకెందుకు ఫోన్ చెయ్యలే అన్నడు. గేరేసి బండి కదిలిచ్చిన. అదే పోతదనుకున్న అని ఎట్ల చెప్పాలె?

ఆగస్టు 14, గురువారం. సాయంత్రం

నా బతుకు ఆగమైంది.

సార్ పొద్దున సర్వీస్ సెంటర్‌కు తీస్కపోయిండు. అక్కడ టై కట్టుకున్న పిలగాడు రెండు నిమిషాలు విని, ఇది రఫ్ డ్రైవింగ్ సార్, డ్రైవర్ మస్తు రేస్ చేసి ఉంటడు అన్నడంట. రెండు నిమిషాలు! బానెట్ కూడ సక్కగ తెరవలేదంట!

సార్ సీదా సెల్లార్‌కు వచ్చి మా రూం ముంగట నిలబడి అడిగిండు. నన్ను షాపుల దింపినంక పొద్దుందాక కారు నీ చేతులనే కదా, ఎవరిని ఎక్కించుకొని యాడ తిరిగినవ్ అని. అమ్మ ముంగట. సార్ మేనల్లుడు తరుణ్ మెట్ల మీద నిలబడి చూస్తున్నడు. నేను ఎటూ పోలే సార్ అంటే వినడు. వచ్చే శుక్రవారం, 22న ఇంజిన్ విప్పనీకి కారు కంపెనీకి పోతదంట. ఆలోపల నిజం చెప్తే నా నౌకరి ఒక్కటే పోతది. చెప్పకుంటే స్టేషన్ల కంప్లైంట్. అమ్మ, నాయిన కూడ రూం ఖాళీ చెయ్యాలె.

ఏం నిజం చెప్పాలె నేను?

సప్పుడు ఎందుకొస్తుందో నేనే కనిపెడత. ఎనిమిది రోజులున్నయ్.

ఆగస్టు 15, శుక్రవారం

కింద జెండా ఎగరేసిండ్రు. అందరికీ లడ్డూ ఇచ్చిండ్రు. నాకు ఇయ్యనీకి వచ్చి సెకండ్ ఫ్లోర్ మేడం మొకం పక్కకు తిప్పుకున్నది. ఖబర్ అందరికీ తెలిసింది.

ఇంజిన్ ఆయిల్ చూసిన, లెవెల్ మంచిగనే ఉన్నది. సైలెన్సర్ మీది రేకు వదులైందేమోనని గుడ్డతోని గట్టిగ పట్టుకున్న. చెయ్యి కాలింది గని సప్పుడు పోలే. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు, పిడి చెవికి ఆనిచ్చి విన్న. ముందల వినొస్తది, పక్కకు వినొస్తది, అంతట వినొస్తది. ఇనుములకెల్లి సప్పుడు ఎటు పోతున్నదో నాకైతే సమజ్ అయితలేదు.

స్టెపినీ పక్కకు కూసొని ఏడ్చిన. ఇరవై ఆరేండ్లోన్ని. సిగ్గు కూడ అనిపించలే.

ఆగస్టు 16, శనివారం

యూట్యూబ్ల నలభై వీడియోలు చూసిన. ఇగ ఫ్యాన్ సప్పుడు కూడ అట్లనే వినొస్తుంది.

ఆగస్టు 17, ఆదివారం

సార్ ఇయ్యాల ORR పోలే. బాల్కనీల పేపర్ మొకానికి అడ్డం పెట్టుకొని కూసున్నడు.

పొద్దుగాల్నే షురూ చేసిన. బెల్టు తీసి అర నిమిషం నడిపిన. సప్పుడు ఉంది. అంటే డైనమో కాదు, నీళ్ల పంపు కాదు. తర్వాత ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ వైర్లు ఒక్కొక్కటి పీకుకుంట విన్న. ఒకటోది పీకితే ఇంజిన్ కుంటుతది, సప్పుడు అట్లనే ఉంది. రెండోది, గదే కత. మూడోది పీకంగనే సప్పుడు సగానికి పడ్డది! మళ్ల పెట్టిన, వచ్చింది. మళ్ల పీకిన, తగ్గింది. పదిసార్లు చూసిన. నాలుగోది పీకితే ఏం ఫరక్ లేదు.

మూడో సిలిండర్. నీయవ్వ, దొరికినవ్!

నాయిన పక్కన నిలబడి టార్చ్ పట్టిండు. బాగైతదా బిడ్డా అని మూడుసార్లు అడిగిండు. రెండు రోజుల సంది సక్కగ తింటలేడు. నా మీది రందితోనే అనుకున్న. వెలుతురు పక్కకు పోతుంటే నాకు కోపమొచ్చింది. నీకేం తెల్వదు, లైట్ సక్కగ పట్టు అని ఒర్రిన. ఆయన రెండు చేతులతోని పట్టుకున్నడు.

ఆగస్టు 18, సోమవారం

మూడో సిలిండర్ అని సార్‌కు చెప్పిన. అయితే ఏంది, మూడోదాన్ని పాడు చేసింది నువ్వే కదా అన్నడు. ఏ సిలిండరో తెలుసుడు కాదు, ఎట్ల పాడైందో తెల్వాలె. ఈ ముచ్చట నాకు ముందుగాల ఎందుకు తట్టలే?

ఒప్పుకుందామా అనిపిస్తున్నది. ఒప్పుకుంటే నా నౌకరి ఒక్కటే పోతది, అమ్మానాయినలకు రూం ఉంటది. ఎట్ల చెప్పాలెనో ఇక్కడ రాసుకుంట. అవును సార్, ORR మీద తోలిన.

మళ్ల చదువుకున్న. నా చేతితోని ఎట్ల రాసిన? కొట్టెయ్యాలె ఆ లైను. కొట్టేస్తలేను. శుక్రవారం పనికొస్తదేమో.

ఆగస్టు 20, బుధవారం

నారాయణగూడల విద్యాసాగర్ అన్న అని ఒక మెకానిక్ ఉన్నడు. మెట్రో పిల్లర్ల ఎనుక గల్లీల చిన్న షెడ్డు. ముప్పై ఏండ్ల సంది ఇంజిన్లే విప్పుతుండు. ఫోన్ల రికార్డు చేసిన సప్పుడు వినిపిచ్చిన. కండ్లు మూసుకొని విన్నడు. నవ్వలే. రేపు కారు తీస్కరా, ఇరవై మీద తోలుకుంట రా అన్నడు.

సార్‌ను బతిమిలాడిన. ఎటన్న పో, శుక్రవారం పొద్దుగాల వరకు కారు ఇక్కడ ఉండాలె అన్నడు. నా మొకం దిక్కు చూడలే.

ఆగస్టు 21, గురువారం. మధ్యాహ్నం 1

బతికిపోయిన! బతికిపోయిన!

షెడ్డు బయట కూసొని రాస్తున్న. విద్యాసాగరన్న మొదలు ఎయిర్ ఫిల్టర్ తీసిండు. కాయితం మీద సగం దాక బురద మరక, ఎండి గీత పడ్డది. అన్న హూఁ అన్నడు. తర్వాత నాలుగు ప్లగ్గులు తీసి, ఆ బొక్కలకెల్లి సన్న కడ్డీ దించిండు. ఇంజిన్‌ను పానాతోని మెల్లగ తిప్పుకుంట, ఒక్కొక్క పిస్టన్ మీదికి ఎంత దాక వస్తదో కడ్డీ మీద టేపు అతికించి గుర్తు పెట్టిండు. ఒకటి, రెండు, నాలుగు సమానం. మూడోది అగ్గిపుల్ల మందం కిందనే ఆగిపోయింది. మళ్ల కొలిచిండు. మళ్ల గంతే.

పిస్టన్‌ను కింద పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగింది అన్నడు. ఎంత రేస్ చేసినా గిట్ల వంగదు తమ్మీ, ఇది నీళ్ల పని అన్నడు. ఈ కారుకు గాలి తీసుకునే మూతి బంపర్ కాడ కిందనే ఉంటదంట. నీళ్లల్ల స్టార్ట్ చేస్తే గాలితోని నీళ్లు లోపలికి గుంజుతది. గాలిని పిస్టన్ నొక్కుతది గని నీళ్లు నలగవు. రాడే వంగుతది. నీ కారును ఎవరో నీళ్లల్ల స్టార్ట్ చేసిండ్రు, ఎవరో కనుక్కో అన్నడు.

ఎవరో కనుక్కునుడేంది! కారుకు ఇంకో తాళంచెవి పైన సార్ ఫ్లాట్ల ఉంటది. కోచింగ్ కని వచ్చి మామ ఇంట్ల ఉంటున్న తరుణ్, ఒక్కసారి తోలనియ్యన్నా అని నా ఎంబడి ఎన్నిసార్లు పడ్డడో! సార్ నన్ను తిడుతుంటే మెట్ల మీద నిలబడి చూసిండు కదా!

అక్కడికక్కడే సార్‌కు ఫోన్ కొట్టిన. మెకానిక్‌తోని మాట్లాడిపిచ్చిన. ర్యాంపు మీద కెమెరా ఉంది కదా సార్, ఎనిమిదో తారీకు వీడియో తీసి చూడుండ్రి, దొంగ దొరుకుతడు అని చెప్పిన. దొంగ అనే మాట నేనే అన్న. సార్ చూస్త అన్నడు.

అన్న కారును ఇగ స్టార్ట్ చెయ్యొద్దన్నడు, సార్‌కు కూడ ఫోన్ల అదే చెప్పిండు. ఈడనే పెట్టి నడుచుకుంట పోత. నాయినకు చెప్పాలె ముందుగాల. ఖుష్ అయితడు.

ఆగస్టు 21. సాయంత్రం 5

నాయిన.

తింటుండు నేను పోయేసరికి. వాకిట్లకెల్లే ఒర్రుకుంట పోయిన. నేను కాదని తేలింది, ఎవడో నీళ్లల్ల స్టార్ట్ చేసిండు, సార్ కెమెరా చూస్తుండు అని. అమ్మ దండం పెట్టుకున్నది. నాయిన చేతుల ముద్ద అట్లనే ఉండిపోయింది.

నేనే బిడ్డా అన్నడు.

సార్ ఆ రోజు బెంగళూరు నుంచి మూడుసార్లు ఫోన్ చేసిండంట. ఏం చేస్తవో నాకు తెల్వదు పీరయ్యా, నా కారుకు ఏం కావద్దు అన్నడంట. నీళ్లు మోకాలు దాటినయంట. మా రూంల మేకుకు నా కాడుండే కారు తాళంచెవి ఉండె. నేను కారు తుడిచి రోజూ స్టార్ట్ చేస్తుంటే చూసిండు కదా, బ్రేకు తొక్కి బటన్ నొక్కిండు, గేరేసిండు. ర్యాంపు కాడ ఆగిపోయింది. మళ్ల నొక్కిండు. మళ్ల నొక్కిండు. టక్కుమన్నది, ఆ రోజు ఇగ లేవలే. నీళ్లు పోయినంక నూకి దాని జాగల పెట్టిండంట. కారు మునిగితే నీ నౌకరి పోతదనుకున్న అన్నడు.

ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే అని అరిచిన. రోజూ చెప్దామనుకున్నడంట. నువ్వు ఏదేదో విప్పుతుంటే వేరే కారణం దొరుకుతదేమోనని చూసినా అన్నడు. రేపు పొద్దుగాల సార్ కాడికి నేనే పోదామనుకున్న అన్నడు.

ఒక్క పూట. ఒక్క పూట ఆగితే ఏం పోయేది నాకు? ఇంటికొచ్చి అడిగి ఫోన్ చేస్తే ఏం పోయేది? థూ నా బతుకు.

ఆగస్టు 22, శుక్రవారం

సార్ ఇద్దరినీ పైకి పిలిచి వీడియో చూపిచ్చిండు. ఆ కెమెరాకు సప్పుడు రాదు. నాయిన డోర్ తెరిచి ఎక్కిండు, దిగిండు, మళ్ల ఎక్కిండు. తర్వాత ఎనుకకు పోయి కారును నూకుతుండు. అంత బరువు, ఒక్కడే, ర్యాంపు మీదికి. జారి బోర్లపడ్డడు. లేచిండు. మళ్ల నూకిండు. కారు కదలలే. బంపర్‌కు నీళ్లు రాకుండ తన ఒంటితోని అడ్డం నిలబడ్డడు. వాన ఆగేదాక అట్లనే నిలబడ్డడు. సార్ ఫార్వర్డ్ చేసిండు, అయినా నిలబడే ఉన్నడు.

నేను చూడలేకపోయిన. తరుణ్ కూడ తల దించుకున్నడు. పాపం, వాణ్ని ఉత్తగనే అనుమానించిన.

మీరే ఫోన్ చేసిండ్రు కదా సార్ అన్న. జాగ్రత్తగ చూసుకోమన్న గని స్టార్ట్ చెయ్యమన్ననా అన్నడు సార్. ఆయన అరవలే. అసోసియేషన్‌తోని మాట్లాడిండు, ఆదివారం లోపల పీరయ్య ఖాళీ చెయ్యాలె. కంప్లైంట్ లేదు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, కెమెరా చూడుమని నీ కొడుకే చెప్పిండు పీరయ్యా, గిసొంటి ఇమాన్, నిజాయితీ ఉన్న పిలగాడు దొరకడు, వీడు నా కాడనే ఉంటడు అన్నడు.

నాయిన అవును సార్ అన్నడు.

ఆ చెయ్యి ఇంకా భుజం మీద ఉన్నట్టే ఉంది. రెండుసార్లు తానం చేసిన.

ఆగస్టు 24, ఆదివారం. మధ్యాహ్నం

కాచిగూడ స్టేషన్‌కు పోయి బండెక్కిచ్చి వచ్చిన. నేను కూడ వస్తా అంటే నాయిన ఒప్పుకోలే. భూమా, జాగనా, ఇద్దరం ఊర్ల కూసొని ఏం చేస్తం, నువ్వన్న ఉండు అన్నడు. అమ్మ ట్రంకు నా చేతికి ఇయ్యలే, తనే మోసింది.

నీ మీద కోపం లేదని నాయిన ఒక్క మాటన్న అంటడేమోనని బండి కదిలేదాక కిటికీ కాడ నిలబడ్డ. కదిలేటప్పుడు కమ్మిల నుంచి మొకం పెట్టి అడిగిండు. కారు బాగైతదా బిడ్డా అని.

అయితది నాయినా అన్న.

సెప్టెంబర్ 1, సోమవారం

కొత్త వాచ్‌మెన్ వచ్చిండు. మక్తల్ దిక్కు మనిషి, నాయిన వయసే ఉంటది. ఆయన మూట దించకముందే చెప్పిన. నీళ్లొస్తే కారు దిక్కు చూడకు, ఎవరు ఫోన్ చేసినా చూడకు. మునగనియ్యి. నువ్వు మెట్లెక్కు.