బేరిపండు ఆకారం

అక్కా,

కాగితం అంచు చిరిగి ఉందని తిట్టుకోకు, చెబుతాను.

మేం కొలిచిన పరమాణు కేంద్రకం గుండ్రంగా లేదని, బేరిపండు ఆకారంలో ఉందని నీకు గొప్పలు పోయాను కదా. అది నా నిర్వాకమే. రెండు డిటెక్టర్ల కేబుళ్లు తారుమారుగా తగిలించాను. నిన్న సరిచేసి కొలిస్తే నిక్షేపంగా గుండ్రంగానే ఉంది. ఆ సంగతి లాగ్‌బుక్‌లో రాసి మా ప్రొఫెసరుగారికి చూపించాను.

"అందరికీ చెప్పేశాం కదమ్మా. కేబుళ్లు మునుపటిలాగే పెట్టెయ్. ఆ పేజీ చించెయ్," అన్నారాయన, నా టీలో చక్కెర కలుపుతూ.

ఆయన సంతకం లేనిదే నాకు డాక్టరేట్ రాదు. ఆరేళ్లయింది. కేబుళ్లు మార్చాను. పేజీ చించాను.

ఈ ఉత్తరం రాసింది ఆ చించిన పేజీ వెనకవైపే. నీ బీరువాలో దాచు. రేపు నేనే వచ్చి అడిగినా ఇవ్వకు.

నీ చెల్లి