మున్నీబీ నంబరు ఎదుట రాసిన మాట

సిద్దిపేటలో పత్రికా విలేకరిగా పనిచేస్తున్న షేక్ ఇషాక్ అనే నేను, బుద్ధి, జ్ఞాపకం సరిగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. దీన్ని అమలు చేసే బాధ్యత న్యాయవాది స్వరాజ్యలక్ష్మి గారిది.

1. ఇల్లు షరియత్ ప్రకారం నా కూతురు హీబాకు, తమ్ముడు అక్రమ్‌కు పంపకం అవుతుంది. కింద రాసినవి నా ఇష్టానికి వదిలిన మూడో వంతులోవి.

2. నా భార్య మున్నీబీ పాన్‌దాన్ పక్కింటి చంద్రవ్వకు. చంద్రవ్వ తమలపాకుకు సున్నం ఎక్కువ రాస్తుందని మున్నీబీ ఎప్పుడూ సణిగేది, అయినా తినేది.

3. నా మోటారు సైకిల్ ఆటో హన్మంతుకు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగినప్పుడు జ్వరంతో ఉన్న మున్నీబీని తన ఆటోలో దవాఖానకు చేర్చింది అతనే. రాస్తారోకో పిల్లలు ఆమెను చూసి దారి ఇచ్చారు. ఈ సంగతి తర్వాతి అంశానికి అవసరం.

4. మలేరియా క్రిమి మందుకు ఇంకా లొంగుతోందా, ఏటేటా మొండికేస్తోందా అని చూసే ఒక ప్రైవేటు పరిశోధన బృందం మా వాడకు వచ్చింది. మాత్రలు మింగించి, నాలుగు వారాలు వాళ్లే ఇంటింటికీ వచ్చి రక్తం పరీక్షించాలి. మున్నీబీ ఒప్పుకుంది. జ్వరం దిగింది, మూడో వారం తిరగబెట్టింది. బృందం రాలేదు. దవాఖానలో తీసిన రక్తపు స్లైడులో మళ్లీ అదే రకం క్రిమి కనిపించింది. ఆమె అక్కడే చనిపోయింది. బృందం నివేదికలో ఆమె నంబరు ఎదుట ‘తగ్గింది’ అని ఉంది.

అడిగితే బృందం నాయకుడు వెంకటేష్ అన్నది ఇది: “పేషెంటు మళ్ల రాలేదంటే తగ్గినట్టే గదా, ఇషాక్ భాయ్? జరమున్నోళ్లు ఇంట్ల ఊకె కూసుంటరా?” రాని వాళ్లందరికీ అలాగే రాశారు. సమ్మె వల్ల తిరగలేకపోయామనీ అన్నాడు. ఆటోకు దొరికిన దారి వాళ్ల జీపుకు దొరకలేదట. తెలంగాణ కోసం జనం రోడ్డు మీద కూర్చుంటే, దాన్ని తన బద్ధకానికి సాకు చేసుకున్నాడు. నాకు రోత పుట్టింది. అదే నివేదిక చూపించి జగదేవ్‌పూర్‌లో ఇప్పటికీ అవే మాత్రలు పంచుతున్నారు. వెంకటేష్ నా జనాజాకు రాకూడదు.

5. దవాఖాన స్లైడు హీబాకు. వారసురాలికి వాటా కాక విడిగా ఏదైనా రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి; అక్రమ్ సమ్మతించాడు. మాత్రలు ఇచ్చే ముందు తీసిన మొదటి స్లైడు బృందం దగ్గర ఉంది. రెండింటినీ హీబా వేరే ప్రయోగశాలలో పోల్పించాలి. పాత క్రిమి చేతిలో మందు ఓడిందా, కొత్త దోమ కుట్టి మళ్లీ సోకిందా అన్నది వాళ్లు తేల్చాలి. నాకు తెలియనిది రాయమని నేను అడగను. ‘తగ్గింది’ కొట్టేసి ‘చనిపోయింది’ అని రాయిస్తే చాలు.

6. నా మరణవార్తలో, భార్య ముందే చనిపోయిందని రాయాల్సి ఉంటుంది. వాళ్ల నివేదికలో ఆమె కోలుకుంది. రెండూ నిజం కాలేవు. ముందు వాళ్ల రాత దిద్దించండి, ఆ తర్వాతే నా వార్త అచ్చుకు ఇవ్వండి.

చదివి, సరిచూసుకుని సంతకం చేశాను.

సిద్దిపేట, 19 నవంబరు 2012
(సంతకం) షేక్ ఇషాక్

సాక్షులు:
పర్శరాములు, పత్రికల ఏజెంటు
ఐలయ్య, టీ హోటల్ యజమాని