నిమ్మకాయలు తొక్కిన సైకిల్

శనివారం, హెర్న్‌డన్

నేను పనిచేసే సైకిల్ షాపు నుంచి రావు అంకుల్ తన కొత్త సైకిల్ తీసుకెళ్ళిపోయాడు. ముదురాకుపచ్చ ఫ్రేమ్, తేనెరంగు తోలు సీటు, ఇత్తడి బెల్లు. ఆయన ఎత్తుకు కొలిచి చేయించిందే అయినా నాకూ అతికినట్టు సరిపోతుంది. స్పోకులు ఒక్కొక్కటే బిగించి చక్రాలు కట్టింది నేను, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుని.

"ఒక్క టెస్ట్ రైడ్ చేసి ఇస్తానంకుల్," అన్నాను.

"వద్దు బాబూ! పూజ కాకుండా ఎవరూ ఎక్కకూడదు."

షాపు పార్కింగ్‌లోనే బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. "ఎక్కి తొక్కండి మరి," అంది ఆయనతో వచ్చిన ఆంటీ.

"మోకాలు నొప్పే. నువ్వు తోసెయ్ బాబూ."

తోశాను. నిమ్మకాయలు చితికాయి. అంతే, కార్‌లోకి ఎక్కించేశాడు.

"ఎప్పుడు తొక్కుతారంకుల్?"

"ఇంత అందమైనదాన్ని బురదలో తిప్పుతానా? హాల్లో గోడకి తగిలిస్తా. కొక్కేలు బిగించడానికి నువ్వే రావాలి."

ఒళ్ళు మండిపోయింది. అయినా సిగ్గులేకుండా వస్తానన్నాను, దాన్ని ఇంకోసారి ముట్టుకోవచ్చని.

షాపులో స్టాండ్ మీద దాని చక్రం తిప్పితే మెత్తగా టిక్ టిక్ మనేది. సైకిల్ ట్రెయిల్ మీద పల్లంలోకి దిగుతూ, పెడల్ తొక్కడం ఆపేసి, గాలి మొహానికి కొడుతుంటే అది ఎలా మోగుతుందో...