మెత్తదనం ఎటు పోయింది

శుక్రవారం, రాత్రి

వీధి చివరి సువార్తమ్మ గారు పొద్దున షాపుకొచ్చారు. ఆవకాయ జాడీకి గుడ్డ వాసెన ఎందుకండీ, ఈ మెత్తటి ప్లాస్టిక్ టేబుల్ షీటు కట్టుకోండి అని వేసవిలో అమ్మింది నేనే. అంచుదాకా తేలిన నూనె తగిలి అది అట్టలా బిరుసెక్కింది.

"ఇంత మెత్తటిది ఇలా అయిందేం బాబూ?" అన్నారు.

ప్లాస్టిక్‌ని మెత్తబరిచే కెమికల్ నూనెలోకి దిగిపోతుందని, తినేవాటికి తగలనివ్వొద్దని హోల్‌సేల్ ఆయన పోయిన నెలే చెప్పాడు. అయినా "బందరు ఎండలకండీ" అనేసి, ఇంకో ముక్క కోసి ఊరికే ఇచ్చాను. ఆవిడ మురిసిపోయి మధ్యాహ్నం డబ్బా నిండా ఆవకాయ పంపారు.

మా ఆవిడ పిల్లలకి కలపబోతుంటే లాక్కుని పారబోశాను. ఎందుకని అడిగితే బూజన్నాను.

సువార్తమ్మ గారు ఈపాటికి కొత్త ముక్క కట్టేసే ఉంటారు. వాళ్లింట్లోనూ పిల్లలున్నారు.