ముత్యాలు సంబంధం

రావల్కోల్,
మార్చి 4

షామీర్‌పేట గుర్రాల ఫారం మేనేజరు గారికి, రావల్కోల్ పద్మమ్మ నమస్కారాలు.

నేను మీకు తెలియను. రెండుసార్లు మా ఊరికి సర్పంచ్‌గా చేశాను. ముఖ్యమైన సంగతులు ఫోన్లో మాట్లాడే అలవాటు లేదు. కాగితం మీద ఉంటే రేపు ఎవరూ "నేనట్ల అనలే" అని తప్పించుకోలేరు.

మా దగ్గర ఒక ఆడగుర్రం ఉంది. మలక్‌పేటలో మూడు రేసులు గెలిచి రిటైరైంది. కాగితాల్లో దాని పేరు వెల్వెట్ విజిల్. నేను ముత్యాలు అంటాను, అదీ ముత్యాలంటేనే పలుకుతుంది. మా అబ్బాయి భాస్కర్ ఏదో ప్లాటు బేరంలో తెచ్చి రోడ్డు పక్క చెలకలో కట్టేశాడు. తెచ్చింది వాడు, పెంచింది నేను. పొద్దున్నే అది వచ్చి నా భుజం మీద తల పెట్టకపోతే నాకు చాయ్ రుచించదు.

ఇప్పుడు వాడు కొత్త పాట ఎత్తుకున్నాడు. "అమ్మా, గీ సీజన్ల అది చూలు కట్టకపోతే బరాత్‌లకు తిప్పేటోనికి అమ్మేస్త. చెలక ప్లాట్లు జేస్త" అంటున్నాడు. అంత పేరున్న పిల్ల డీజే మోతలో తాగుబోతుల మధ్య ఊరేగాలా? నా ప్రాణం ఒప్పుకోవడం లేదు. మీ దగ్గర మంచి జాతి మగగుర్రాలున్నాయని విన్నాను. తగిన సంబంధం చూడండి.

జవాబు కోసం చూస్తూ,
పద్మమ్మ

తా.క.: పిల్లవాడి ఎత్తు, రంగు, గుణం వివరంగా రాయండి. తన్నే అలవాటుంటే ముందే చెప్పండి. అటువంటివాళ్ళు మా ఇంట్లో ఇప్పటికే ఉన్నారు.


షామీర్‌పేట,
మార్చి 8

శ్రీమతి పద్మమ్మ గారికి, మేనేజరు ఫణిభూషణ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి సంతోషించాను. ఈ ఆఫీసుకు చేతిరాత ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో! మాది కాకినాడ దగ్గర. ఉద్యోగరీత్యా అల్వాల్లో స్థిరపడ్డాం.

గుర్రాల జత కుదర్చడం ఒక శాస్త్రమండి. మీ ముత్యాలు రేసుల వీడియోలు తెప్పించుకుని చూశాను. మెరుపులా బయల్దేరి చివర్లో అలిసిపోయే రకం. కాబట్టి దమ్మున్న మగగుర్రం కావాలి. మా దగ్గర ముగ్గురున్నారు: గ్రాండ్ అంపైర్, నార్త్ బెల్, సైలెంట్ పార్ట్‌నర్. నన్నడిగితే నార్త్ బెల్. ఎంత దూరమైనా అలుపెరగడు. ముగ్గురి ఫొటోలు, వంశవృక్షాలు జతచేశాను. జూన్‌తో సీజన్ ముగుస్తుంది, ఆలస్యం చేయకండి.

ఇట్లు మీ సేవలో,
ఫణిభూషణ్

తా.క.: వీరిలో ఎవరూ తన్నరు. గ్రాండ్ అంపైర్ కరుస్తాడు.


రావల్కోల్,
మార్చి 15

ఫణిభూషణ్ గారికి, పద్మమ్మ ఆశీస్సులు.

ఫొటోల్లో ముగ్గురూ బంగారం. కానీ సగోత్రం ఎట్లా కలుపుతారండీ? గ్రాండ్ అంపైర్‌కూ మా ముత్యాలుకూ తండ్రి తండ్రి ఒక్కడే. అంటే వరసకు అన్నాచెల్లెళ్ళు. మిగతా ఇద్దరి సంగతి నా మనవరాలు అశ్రిత ఫోన్లో వెనక్కి వెనక్కి వెళ్ళి చూసింది. మూడు వందల ఏళ్ళ కింద ఇంగ్లండుకు తోలుకుపోయిన ఒకే అరబ్బు గుర్రం దగ్గర అందరూ కలిశారు! తల్లివైపు చుట్టరికమైతే మేనబావ అనుకుని సర్దుకునేదాన్ని. తండ్రివైపుది మా ఇంటా వంటా లేదు.

వేరే గోత్రం వాణ్ణి చూసి రాయండి.

పద్మమ్మ

తా.క.: సైలెంట్ పార్ట్‌నర్ అన్న పేరు మా కోడలికి తెగ నచ్చింది. అటువంటి సంబంధం తనకెందుకు చూడలేదని వాళ్ళమ్మకు ఫోన్ చేసి అడిగింది.


షామీర్‌పేట,
మార్చి 19

పద్మమ్మ గారికి నమస్కారాలు.

అమ్మా, గుర్రాలకు గోత్రాలుండవు. ప్రపంచంలో ఉన్న రేసు గుర్రాలన్నిటికీ తండ్రుల వైపు మూలపురుషులు ముగ్గురే. అందులోనూ నూటికి తొంభైకి పైగా ఆ అరబ్బు గుర్రం సంతానమే. మీ లెక్కన ఇన్ని వందల ఏళ్ళుగా లోకంలో జరిగిన గుర్రాల పెళ్ళిళ్ళన్నీ రద్దు చేయాలి. మా వృత్తిలో ఒక గొప్ప తాత రెండువైపులా ఉంటే అది అదృష్టం కింద లెక్క.

మీరు ఒకసారి ముత్యాలును తీసుకుని రండి. నార్త్ బెల్‌ను కళ్ళారా చూస్తే మీ మనసు మారుతుంది.

ఫణిభూషణ్

తా.క.: మీ ఉత్తరం ఇంట్లో మా ఆవిడ పార్వతీదేవి చదివింది. "ఆవిడ అన్నదాంట్లో తప్పేముందండీ?" అంది. ఇకపై మీ ఉత్తరాలు ఆఫీసులోనే ఉంచుతాను.


రావల్కోల్,
ఏప్రిల్ 2

నాయనా ఫణిభూషణ్, పద్మమ్మ ఆశీస్సులు.

నిన్న పెళ్ళిచూపుల్లో మీరు చేసిన మర్యాదకు చాలా సంతోషం. గ్రాండ్ అంపైర్ నా కొంగు నమిలాడు. మీ నార్త్ బెల్ మమ్మల్ని చూసి ఆవలించాడు. సైలెంట్ పార్ట్‌నర్ ఉన్నాడో లేడో కూడా తెలియలేదు.

కానీ అందరికంటే ముందు ఒక గోధుమరంగు పొట్టివాణ్ణి తెచ్చారు చూడండి, బాద్‌షా! చెక్కగోడకు అవతల నిలబడి ఎంత ముద్దుగా సకిలించాడు! మా పిల్ల చెవులు నిక్కబొడుచుకుని వాడివైపే చూసింది. గుర్రాలు చూసుకునే జనార్ధన్‌ను అడిగితే "వాడు దేశవాళీ గుర్రమమ్మా, గీ విలాయతీ ఖాందాన్‌ల లేడు" అన్నాడు. ఇంకేం, గోత్రం కూడా వేరాయె. వాణ్ణే ఖాయం చేయండి. తాంబూలం ఇచ్చే వచ్చాను.

పద్మమ్మ

తా.క.: తమలపాకులు వాడే తినేశాడు. ఒప్పుకున్నట్టే.


షామీర్‌పేట,
ఏప్రిల్ 6

పద్మమ్మ గారికి,

అమ్మా, బాద్‌షా పెళ్ళికొడుకు కాడు. వాడి ఉద్యోగం వేరు. ఆడగుర్రం సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు వాణ్ణి చూపిస్తాం. అది ఇష్టపడిందని తెలియగానే వాణ్ణి లాక్కుపోయి అసలువాణ్ణి తెస్తాం. పాపం, వాడి బతుకంతా అంతే. వాడి పిల్ల పుడితే రేసు గుర్రంగా నమోదు కాదు. అప్పుడు మీ భాస్కర్ గారు తల్లీపిల్లలిద్దర్నీ బరాత్‌కు పంపుతారు!

నా టేబుల్ మీద మీ తాంబూలం పళ్ళెం చూసి మా యజమాని మూడు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఇక నా ఓపిక అయిపోయింది. సగోత్రం అడ్డొస్తే పిల్లను వేరే గోత్రం వాళ్ళకు దత్తతిచ్చి పెళ్ళి జరిపించడం మీకూ తెలిసిందే కదా. మాది కౌశిక గోత్రం. మీకంత పట్టింపైతే మేమే దత్తత తీసుకుంటాం, నార్త్ బెల్‌కు ఇచ్చి చేద్దాం! ఇది కోపంలో రాస్తున్నానని గమనించగలరు.

ఫణిభూషణ్

తా.క.: ఉత్తరం అంటించే లోపు మా ఆవిడ చదివేసింది. పట్టుచీర బయటికి తీసింది.


రావల్కోల్,
ఏప్రిల్ 12

నాయనా ఫణిభూషణ్,

మీ కోపం కూడా శుభమే. వచ్చే ఆదివారం దేవరయాంజాల్ సీతారామస్వామి గుడి దగ్గర దత్తతకు ముహూర్తం పెట్టించాను. పంతులుగారు మొదట నసిగారు. అశ్వదానం శాస్త్రంలో ఉందా లేదా అని అడిగితే ఉందన్నారు. దానమిచ్చే ఇంటిపెద్ద భాస్కరే కాబట్టి నీళ్ళు వాడే ధారపోస్తాడు. వాడికి వినే తీరిక కూడా లేదు. "ఏదన్న చేయ్, జల్దీ చేయ్, సీజన్ అయిపోతాంది" అన్నాడు. వచ్చే ఎన్నికల్లో నిలబడే ఆలోచనలో ఉన్నాడు, అందుకని ఊరి పెద్దలందరికీ భోజనాలు తానే పెడుతున్నాడు.

మీరు దంపతులు పీటల మీదికి పొద్దున్నే రండి. అక్కణ్ణించి ముత్యాలు నేరుగా మీ ఫారానికే వస్తుంది.

పద్మమ్మ

తా.క.: ముత్యాలు గుడిమెట్లు ఎక్కదు. పీటలు బయటే వేయిస్తున్నాను.


షామీర్‌పేట,
మే 9

పద్మమ్మ గారికి నమస్కారాలు.

శుభవార్త! డాక్టరు స్కానింగ్ చేశారు. ముత్యాలుకు చూలు నిలిచింది. నార్త్ బెల్ నా పరువు కాపాడాడు. పదకొండు నెలలకు పిల్ల పుడుతుంది.

ఆ రోజు భాస్కర్ గారు పోసిన నీళ్ళు నా దోసిట్లో పడుతుంటే నవ్వాపుకోవడానికి నానా తిప్పలు పడ్డాను. మా ఆవిడ మాత్రం నిజంగానే ఏడ్చింది. మాకు ఇద్దరూ మగపిల్లలే, ఆడపిల్ల లోటు తీరిందట. సరే, ఏదైతేనేం, పని పూర్తయింది. సోమవారం బండి పంపి ముత్యాలును తీసుకెళ్ళండి.

ఫణిభూషణ్

తా.క.: భాస్కర్ గారు ఫోన్ చేసి "చూలు గుర్రమైతే మార్కెట్ల రేటెంత వస్తది సార్?" అని అడిగారు. ఎందుకో అర్థం కాలేదు.


రావల్కోల్,
మే 11

ముత్యాలు తండ్రిగారికి, పెంచినతల్లి పద్మమ్మ ఆశీస్సులు.

సోమవారం బండి రాదు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా నాయనా. దానికి పుట్టిల్లు ఇప్పుడు మీదే.

భాస్కర్ మిమ్మల్ని ఎందుకడిగాడో నేను చెబుతాను. చూలు కట్టినా కట్టకపోయినా వాడు అమ్మేవాడే. నేను మీకు మొదటి ఉత్తరం రాయకముందే బేరగాణ్ణి చెలకలోకి తెచ్చి ముత్యాలు పళ్ళు చూపించాడు. ఏడ్చాను, తిట్టాను, ఒకపూట అన్నం మానేశాను. "అమ్మా, పరేషాన్ గాకు, ఇంకోటి కొనిస్త" అన్నాడు. ఇంకోటి నాకెందుకు?

గుర్రాలకు గోత్రాలుండవని నాకూ తెలుసు. బాద్‌షా ఎవరో కూడా జనార్ధన్ అప్పుడే చెప్పాడు. కానీ దత్తత మాట నా నోటి నుంచి వస్తే భాస్కర్ వెంటనే పసిగట్టేవాడు. మీ నోటి నుంచి రావాలి. మిమ్మల్ని విసిగించి విసిగించి ఆ మాట అనిపించేసరికి నాకే ఆయాసం వచ్చింది. ఇంత నిదానం మనిషిని నేను చూడలేదు.

నిన్న వాడు అన్నం తింటూ "సోమవారం నా గుర్రాన్ని తోలుకొస్త" అన్నాడు. "గుర్రం నీదెక్కడిదిరా? ఊరందరికీ బువ్వ పెట్టి, నీళ్ళు ధారపోసి, నువ్వే ఇచ్చినవ్ గద. ఇచ్చిన పిల్లను గుంజుకొచ్చి అమ్ముకున్నవని తెలిస్తే నీకు ఓటెవడేస్తడు?" అన్నాను. చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. కొడుకు కదా, పాపమనిపించింది. ఇంకో గరిటె పప్పు వేశాను.

మిమ్మల్ని వాడుకున్నందుకు కోపం తెచ్చుకోకండి. ప్రాణంగా చూసుకున్నదాన్ని పోగొట్టుకోలేక చేశాను. దాణా, గడ్డి, డాక్టరు అన్నీ నేనే చూసుకుంటాను. మీరు కడుపులో పెట్టుకుని చూడండి చాలు. మీ యజమానికి ఏం చెప్పాలో తోచకపోతే, కూతురి పురుడని చెప్పండి.

పార్వతీదేవికి నా ఆశీస్సులు.

పద్మమ్మ

తా.క.: అల్లుడికి ఈ సీజన్లోనే ఇంకా ముప్పైమంది పెళ్ళాలట, జనార్ధన్ చెప్పాడు. ముత్యాలుకు తెలియనివ్వకండి, అసలే వట్టి మనిషి కాదు.